‘పెండింగ్’ ఎన్నాళ్లు? ఏజెన్సీ పోర్టళ్లలో బిల్లుల గడువుపై చట్టం ఏమంటోంది

జగదల్‌పూర్‌లో నివసిస్తూ హైదరాబాద్, విశాఖపట్నం, రాయ్‌పూర్ నగరాల్లోని ఏజెన్సీలకు పనిచేసే స్వతంత్ర వృత్తినిపుణులకు ఒక మాట బాగా అలవాటైంది. ఆ మాట ‘పెండింగ్’. పని పూర్తిచేసి, అప్పగించి, ఇన్‌వాయిస్‌ను ఏజెన్సీ వారి పోర్టల్‌లో ఎక్కించిన తరువాత తెరపై కనిపించేది అదే. వారాలు గడిచినా అది మారదు. ఫోన్ చేసి అడిగితే, సిస్టంలో ఇంకా అప్రూవ్ కాలేదని, అప్రూవ్ అయిన నాటి నుంచి అరవై రోజులకు డబ్బు వస్తుందని జవాబు. అడిగేవారు ఒక్కరు, జవాబు చెప్పే ఉద్యోగి ఎవరో తెలియదు, ఇద్దరి మధ్యా ఒక తెర. చాలామంది అక్కడితో ఊరుకుంటారు.

ఊరుకోవలసిన అవసరం లేదని చెప్పడానికే ఈ వ్యాసం. డబ్బు చెల్లించవలసిన గడువు ఏ రోజున మొదలవుతుందన్న ప్రశ్నకు ఏజెన్సీ పోర్టల్ ఒక సమాధానం ఇస్తుంది, దేశ చట్టం మరొక సమాధానం ఇస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా ఒక్కోసారి రెండు నెలలకు మించి ఉంటుంది. నెలవారీ అద్దె, పిల్లల ఫీజు, కెమెరా మీదో కంప్యూటర్ మీదో తీసుకున్న రుణం వాయిదా ఆ రెండు నెలలూ ఆగవు.

బస్తర్‌కూ తెలుగు నేలకూ ఉన్న అనుబంధం కొత్తది కాదు. ఓరుగల్లు కాకతీయుల వంశీకుడు అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడన్నది బస్తర్ రాజవంశపు సంప్రదాయ చరిత్ర. ఆధునిక కాలంలో ఈ బంధాన్ని రైలు, ఇనుప ఖనిజం నిలబెట్టాయి. కొత్తవలస–కిరండుల్ రైలు మార్గం జగదల్‌పూర్‌ను విశాఖపట్నంతో కలిపింది. బైలాడిలా గనులను నడిపే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 30వ నంబరు జాతీయ రహదారి కొంటా, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు సాగుతుంది. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన నగర్నార్ ఉక్కు కర్మాగారంలో 2023 ఆగస్టులో ఉత్పత్తి మొదలైంది. పెద్ద సంస్థ వచ్చిన చోట దాని చుట్టూ చిన్న పనులు పుట్టడం సహజం. భద్రతా సూచనలను హిందీ నుంచి తెలుగులోకి అనువదించడం, శిక్షణ తరగతుల నిర్వహణ, డ్రాయింగుల తయారీ, వీడియో చిత్రీకరణ, సర్వే, లెక్కల పని ఇటువంటివే. వీటిని పెద్ద సంస్థలు నేరుగా వ్యక్తులకు అప్పగించడం అరుదు. ఒక ఏజెన్సీకి ఇస్తాయి, ఆ ఏజెన్సీ వ్యక్తులకు ఇస్తుంది. ప్రభుత్వ కార్యాలయాల విషయంలోనూ ఇదే వరస. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 జూలైలో తన శాఖల కొనుగోళ్లను తిరిగి జెమ్ పోర్టల్‌కు మళ్లించాలని నిర్ణయించింది. అక్కడ విక్రేతగా నమోదయ్యేది ఏజెన్సీయే. దాని కింద పనిచేసే వ్యక్తికి ఆ పోర్టల్‌లో తన పని ఏ దశలో ఉందో చూసుకునే వీలు ఉండదు.

ఆవక్ ముద్ర పోయింది

పాత రోజుల్లో బిల్లును రెండు ప్రతులుగా రాసి కార్యాలయానికి తీసుకువెళ్లేవారు. ఛత్తీస్‌గఢ్ కార్యాలయాల్లో ‘ఆవక్–జావక్’ అని పిలిచే విభాగం ఉంటుంది. మన వాడుకలో ఇన్‌వార్డు, అవుట్‌వార్డు. అక్కడి గుమాస్తా ఒక ప్రతిని తీసుకుని, రెండో ప్రతిపై తేదీతో ముద్ర కొట్టి తిరిగి ఇచ్చేవాడు. ఆ చిన్న ముద్రకు విలువ చాలా ఉండేది. ఏ రోజున బిల్లు అందిందన్న దానిపై వివాదమే రాదు. చెల్లింపు ఆలస్యమైతే ఎంత ఆలస్యమైందో ఇద్దరికీ తెలుసు.

పోర్టల్ వచ్చాక ముద్ర కొట్టే అధికారం ఒకే పక్షం చేతికి పోయింది. ఎక్కించిన ఇన్‌వాయిస్‌ను చిన్న లోపం చూపి వెనక్కి పంపితే, మళ్లీ ఎక్కించిన రోజు కొత్త తేదీ అవుతుంది. కొన్ని పోర్టళ్లలో పని ఆమోదం పొందే వరకు ఇన్‌వాయిస్ ఎక్కించే బొత్తామే తెరుచుకోదు. మరికొన్నింటిలో ఇన్‌వాయిస్‌ను పోర్టలే తయారుచేస్తుంది, తేదీ కూడా అదే వేస్తుంది. పని చేసిన మనిషి సంతకం మాత్రం కింద ఉంటుంది. సాంకేతికతను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. కాగితం పోగొట్టుకునే బాధ తప్పింది, రాయ్‌పూర్ వరకు బస్సు ప్రయాణం తప్పింది. అయితే ఒక రుజువు కూడా చేజారింది, దానిని మనమే తిరిగి సంపాదించుకోవాలి.

చట్టం లెక్క వేరు

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. పేరులో పరిశ్రమ అన్న మాట ఉండటం వల్ల ఇది కర్మాగారాలకే అని చాలామంది భావిస్తారు. సేవలు అందించే ఒంటరి వ్యక్తి సైతం సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న తేదీలోగా డబ్బు చెల్లించాలి. అయితే ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులకు మించరాదు. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి.

ఈ 45 రోజులు దేని నుంచి లెక్కించాలి? సరుకైతే అందిన రోజు, సేవ అయితే అందించిన రోజు. కొనుగోలుదారుకు పనిలో లోపం కనిపిస్తే, ఆ రోజు నుంచి 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. అలా తెలిపితే, ఆ లోపాన్ని సరిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. తెలపకపోతే, పని అందించిన రోజునే దానిని ఆమోదించినట్లు చట్టం భావిస్తుంది. ఈ నిర్వచనం మొత్తంలో ఇన్‌వాయిస్ తేదీ అన్న మాట లేదు, పోర్టల్ ఆమోదం అన్న మాట అంతకన్నా లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. జగదల్‌పూర్‌లోని ఒక అనువాదకురాలు జూన్ 1న పని పూర్తిచేసి ఈమెయిల్‌లో పంపిందనుకుందాం. ఏజెన్సీ నుంచి ఏ అభ్యంతరమూ రాలేదు. ఒప్పందంలో ‘పోర్టల్ ఆమోదం తరువాత 60 రోజులు’ అని ఉంది. పోర్టల్‌లో ఆమోదం జూలై 20న పడింది. ఏజెన్సీ లెక్కలో గడువు సెప్టెంబరు 18. చట్టం లెక్కలో 45 రోజుల గరిష్ఠ గడువు జూలై 16నే ముగిసింది. అంటే పోర్టల్ ఆమోదం పడే నాటికే డబ్బు బకాయి అయింది. ఒప్పందమే లేకపోయి ఉంటే జూన్ 16లోగా చెల్లించవలసి వచ్చేది.

గడువు దాటితే 16వ సెక్షన్ ప్రకారం వడ్డీ పడుతుంది. అది మామూలు వడ్డీ కాదు. రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. 2025 డిసెంబరు నాటి నిర్ణయం ప్రకారం బ్యాంకు రేటు 5.50 శాతం. ఆ లెక్కన వడ్డీ 16.50 శాతం. లక్ష రూపాయల బకాయి ఆరు నెలలు నిలిచిపోతే సుమారు 8,500 రూపాయలు అదనంగా రావాలి. వడ్డీ అడగనని ఒప్పందంలో రాయించుకున్నా చెల్లదు. ఒప్పందంలో ఏమున్నా ఈ వడ్డీ చెల్లించాలని సెక్షన్‌లోనే ఉంది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. పోర్టల్‌లో ‘పెండింగ్’ అని ఉండటం అభ్యంతరం కిందికి వస్తుందా? చట్టంలోని మాటలను బట్టి చూస్తే రాదు. అభ్యంతరం అంటే పనిలో ఫలానా లోపం ఉందని రాసి తెలపడం. పోర్టల్‌లో కారణం చూపుతూ ‘రిజెక్టెడ్’ అని రాస్తే మాత్రం దానిని తేలికగా తీసుకోరాదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న రాత కూడా రాతేనని 2000 నాటి సమాచార సాంకేతికత చట్టం చెబుతోంది. కాబట్టి 15 రోజుల్లోగా వచ్చిన అటువంటి వ్యాఖ్యకు వెంటనే జవాబివ్వాలి. సరిచేసి పంపిన తేదీ రుజువుతో సహా ఉండాలి. పనిలో లోపమేమీ చూపకుండా, ఇన్‌వాయిస్ ఫైలు పేరు సరిగా లేదనో, పీడీఎఫ్ పరిమాణం ఎక్కువైందనో వెనక్కి పంపితే అది సేవపై అభ్యంతరం కాదని వాదించే అవకాశం ఉంది.

మాకు వస్తేనే మీకు

ఏజెన్సీల ఒప్పందాల్లో తరచుగా కనిపించే మరొక నిబంధన, క్లయింటు నుంచి మాకు డబ్బు అందిన తరువాతే మీకు చెల్లిస్తామన్నది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత ఇక్కడ రెండు విధాలుగా వర్తిస్తుంది. క్లయింటు ఇచ్చాడో లేదో ఫ్రీలాన్సర్‌కు తెలిసే మార్గం లేదు, ఇచ్చాక కూడా ఆ డబ్బు ఎన్నాళ్లు ఏజెన్సీ దగ్గర ఉందో తెలియదు.

2006 చట్టంలో కొనుగోలుదారు అంటే సేవను పొంది ప్రతిఫలం ఇవ్వవలసినవారు. మన ఒప్పందం ఏజెన్సీతో ఉన్నప్పుడు కొనుగోలుదారు ఏజెన్సీయే. దాని వెనుక ఉన్న క్లయింటు చెల్లింపు ఆలస్యం కావడం ఏజెన్సీ వ్యాపార సమస్య. 24వ సెక్షన్ ప్రకారం, చెల్లింపులకు సంబంధించిన నిబంధనలకు ఇతర చట్టాలతో వైరుధ్యం వస్తే వీటిదే పైచేయి. వివాదాలను హైదరాబాద్‌లోనో ముంబైలోనో మధ్యవర్తి ముందు తేల్చుకోవాలన్న నిబంధన కూడా ఈ దారిని మూసివేయదు. ఈ చట్టం కింద జరిగే ప్రక్రియకు ప్రైవేటు మధ్యవర్తిత్వ ఒప్పందం అడ్డు కాదని గుజరాత్ పౌర సరఫరాల సంస్థ, మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది.

సంతకం పెట్టలేదు కదా, బొత్తాం నొక్కాను అంతే అని కొందరు అంటుంటారు. పోర్టల్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్ పెట్టడం కూడా ఒప్పందమే. సమాచార సాంకేతికత చట్టం 10ఎ సెక్షన్ ఎలక్ట్రానిక్ ఒప్పందాలకు చెల్లుబాటు కల్పించింది. కాబట్టి నొక్కే ముందు ఆ పత్రాన్ని దించుకుని చదవాలి. ముఖ్యంగా వెతకవలసిన మాటలు మూడు. పని ఆమోదం ఎవరు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది ఒకటి. ఆ లోగా ఏమీ చెప్పకపోతే ఆమోదించినట్లే భావించాలన్న వాక్యం ఉందా అన్నది రెండోది. లేకపోతే చేర్చమని అడగవచ్చు, చాలా ఏజెన్సీలు మొదట కాదన్నా ఈమెయిల్‌లో ఒప్పుకుంటాయి. ఒప్పందం ముగిశాక పోర్టల్‌లోకి ప్రవేశం ఎంతకాలం ఉంటుందన్నది మూడోది.

నమోదు ముందు, పని తరువాత

ఇంతవరకు చెప్పిన రక్షణ అంతా ఉద్యం నమోదు ఉన్నవారికే సులభంగా అందుతుంది. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు, ఏ పత్రాన్నీ ఎక్కించనవసరం లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. జీఎస్టీ నమోదు తప్పనిసరి కానివారికి జీఎస్టీ నంబరు అవసరం లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిర్వచనం ప్రకారం పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవరు పది కోట్లు దాటని సంస్థ సూక్ష్మ సంస్థ. ఒంటరిగా పనిచేసే వృత్తినిపుణులు దాదాపు అందరూ ఇందులోకి వస్తారు.

నమోదు ఎప్పుడు చేసుకున్నామన్నది కీలకం. పని అయిపోయి, బకాయి పడ్డాక నమోదు చేసుకుంటే పాత బకాయిలకు ఈ చట్టం ప్రయోజనం వర్తించదని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో పేర్కొంది. 2025 జనవరిలో మరో ధర్మాసనం నమోదు విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఆ చర్చ ఎలా ముగిసినా, ఒప్పందం కుదుర్చుకునే ముందే నమోదు చేసుకుని, ఆ సంఖ్యను ఒప్పందంలోనూ ప్రతి ఇన్‌వాయిస్‌పైనా రాయడంలో నష్టం ఏమీ లేదు. పోర్టల్‌లో అందుకు గడి లేకపోతే ‘రిమార్క్స్’ అన్న చోట రాయవచ్చు.

జగదల్‌పూర్‌లో చాలామంది ఈ నమోదును చాయిస్ సెంటర్లలో చేయించుకుంటారు. అది తప్పు కాదు. అయితే ఫోన్ నంబరు, ఈమెయిల్ గడుల్లో సెంటరు నిర్వాహకుని వివరాలు పెట్టించుకోవద్దు. తరువాత ఓటీపీ ఆయన ఫోనుకు వెళుతుంది. ఆయన సెంటరు మూసివేసి వెళ్లిపోతే మన ఖాతా మనకే తెరుచుకోదు.

ఏజెన్సీకి ఇందులో భయపడవలసిన కారణం మరొకటి ఉంది. 2023 ఆర్థిక చట్టం ద్వారా ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి (హెచ్) నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు. వాస్తవంగా చెల్లించిన ఏడాదిలోనే ఆ మినహాయింపు లభిస్తుంది. మార్చి నెల వచ్చేసరికి ఏజెన్సీల లెక్కల విభాగాలు ఉద్యం సంఖ్య అడుగుతూ హఠాత్తుగా ఫోన్లు చేయడానికి కారణం ఇదే. అప్పటి వరకు ఆ సంఖ్యను వారు పట్టించుకోకపోవడం విచిత్రమే.

పన్నుల గడుల దగ్గర చిక్కులు

పోర్టల్‌లో ఇన్‌వాయిస్ ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది పన్నుల గడుల దగ్గర. అందులో మొదటిది జీఎస్టీ. సేవల విషయంలో ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటనంత వరకు నమోదు అవసరం లేదు. జగదల్‌పూర్ నుంచి హైదరాబాద్ ఏజెన్సీకి పనిచేస్తే అది అంతర్రాష్ట్ర సేవ అవుతుంది కాబట్టి మొదటి రూపాయి నుంచే జీఎస్టీ నమోదు కావాలని కొన్ని ఏజెన్సీలు పట్టుపడుతుంటాయి. వస్తువులకు, సేవలకు మధ్య తేడా తెలియక వచ్చే పొరపాటు ఇది. అంతర్రాష్ట్ర సేవలు అందించేవారికి కూడా 20 లక్షల పరిమితి వర్తిస్తుందని కేంద్రం 2017 అక్టోబరు 13న సమీకృత పన్ను కింద 10వ నంబరు నోటిఫికేషన్ జారీచేసింది. ఆ నంబరు, తేదీ చూపుతూ ఒక పేజీ ప్రకటన జతచేస్తే సాధారణంగా సరిపోతుంది. నమోదు లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయరాదు. పోర్టల్ తనంతట తాను 18 శాతం కలిపి చూపితే దానిని తీసివేయించాలి.

నమోదు ఉన్నవారి విషయం వేరు. హైదరాబాద్ ఏజెన్సీకి ఐజీఎస్టీ, రాయ్‌పూర్ ఏజెన్సీకి సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ వేయాలి. ఇన్‌వాయిస్ సంఖ్య తమ సొంత వరుసలో, 16 అక్షరాలకు మించకుండా ఉండాలి. పోర్టల్ తన వరుసలో ఇచ్చే సంఖ్యతో సరిపెట్టుకుంటే, ఇద్దరు ముగ్గురు ఏజెన్సీలతో పనిచేసేవారి లెక్కలు కలగాపులగమవుతాయి. మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉన్నవారు తమ ఇన్‌వాయిస్‌ను మరుసటి నెల 13వ తేదీలోగా విడిగా నమోదు చేసే సౌకర్యం ఉంది. అది వాడుకుంటే ఏజెన్సీ వారి జీఎస్టీ ఖాతాలో బిల్లు త్వరగా కనిపిస్తుంది, ‘మాకు క్రెడిట్ రాలేదు’ అన్న సాకు ఉండదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా డబ్బు చెల్లించకపోతే ఏజెన్సీ తాను తీసుకున్న పన్ను క్రెడిట్‌ను వెనక్కి కట్టాలన్న నిబంధనను కూడా మర్యాదగా గుర్తుచేయవచ్చు.

మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు పేరు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరంగా, ఛత్తీస్‌గఢ్‌లో తీసుకున్న ఆధార్‌లో హిందీ ఉచ్చారణను బట్టి మరో వర్ణక్రమంతో, పైగా చివరన ‘రావు’ అన్నది కొన్నిచోట్ల ఇంటిపేరుగా మారిపోయి ఉంటుంది. పోర్టల్ ఒక్క రూపాయి జమచేసి ఖాతాదారు పేరు సరిచూస్తుంది. పేర్లు సరిపోలకపోతే వెండర్ నమోదు దగ్గరే ఆగిపోతుంది, కారణం ఏమిటో తెరపై చెప్పదు. పని మొదలుకాక ముందే ఆధార్, పాన్, బ్యాంకు పత్రాల్లో పేరును ఒకే తీరుగా మార్పించుకోవడం శ్రమ అనిపించినా, తరువాతి శ్రమతో పోలిస్తే స్వల్పం.

ఇక టీడీఎస్. కాంట్రాక్టు పనిగా పరిగణిస్తే వ్యక్తుల నుంచి 1 శాతం, వృత్తి సేవగా పరిగణిస్తే 10 శాతం, సాంకేతిక సేవగా పరిగణిస్తే 2 శాతం మినహాయిస్తారు. వీడియో చిత్రీకరణ వంటి పనులకు ఏ వర్గం వర్తిస్తుందో ఒప్పందంలోనే రాయించుకోవడం ఉత్తమం. పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో అనుసంధానం కాక పాన్ పనిచేయకపోయినా 20 శాతం కోత పడుతుంది. 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి కాబట్టి, పాత ఒప్పందాల్లో 194సి, 194జె అని కనిపిస్తే కలవరపడనవసరం లేదు. జీఎస్టీని బిల్లులో విడిగా చూపితే ఆ భాగంపై టీడీఎస్ కోయరు.

కోసిన డబ్బు ప్రభుత్వానికి చేరిందా లేదా అన్నది ఏజెన్సీ మాట మీద కాకుండా, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మన పాన్‌పై కనిపించే వార్షిక పత్రంలో చూసుకోవాలి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల ఆదాయం వరకు రిబేటు ఉన్నందున, ఆ లోపు సంపాదించేవారికి ఈ కోత వాపసు వస్తుంది. రిటర్ను వేస్తేనే వస్తుంది.

ముద్రను మనమే తయారుచేసుకోవడం

పని పంపిన రోజునే ఏజెన్సీలో బాధ్యుడైన అధికారికి ఒక చిన్న ఈమెయిల్ రాయాలి. ‘ఫలానా ఆర్డరు కింద ఫలానా పనిని నేడు పూర్తిచేసి అందించాను. లోపాలేమైనా ఉంటే 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపగలరు. ఇన్‌వాయిస్ జతచేశాను’ అన్న మూడు వాక్యాలు చాలు. పోర్టల్ బొత్తాం తెరుచుకోకపోయినా ఇన్‌వాయిస్‌ను ఇలా పంపవచ్చు. ఇదే మన ఆవక్ ముద్ర. వాట్సాప్‌లో పంపడం కన్నా ఈమెయిల్ మేలు. నెలవారీ పని అయితే ప్రతి నెలాఖరునా ఒకటి పంపాలి.

పోర్టల్‌లోని ప్రతి దశను తేదీ, సమయం కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ఏజెన్సీతో సంబంధం ముగిసిన మరునాడే ఖాతా మూసుకుపోవచ్చు. అప్పుడు ఒప్పందం ప్రతి కూడా మన దగ్గర ఉండదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ పత్రాలను సాక్ష్యంగా ఇవ్వాలంటే ధ్రువపత్రం జతచేయాలి. ఆ ఫైలు ఏ ఫోనులో, ఏ కంప్యూటర్‌లో దాచామో రాసిపెట్టుకుంటే అప్పుడు పని సులువవుతుంది. బస్తర్‌లో నెట్‌వర్క్ పోయి, పోర్టల్ మధ్యలో ఆగి, గడువు తేదీ దాటిపోవడం కొత్త కాదు. ఆగిన తెరను కూడా ఫొటో తీసి అదే రోజు ఈమెయిల్‌లో పంపాలి.

ఆలస్యపు చెల్లింపు మన దేశానికే పరిమితమైన బాధ కాదు. న్యూయార్క్ నగరం 2017లోనే ఫ్రీలాన్సర్ల కోసం ప్రత్యేక చట్టం అమలు చేసింది. 800 డాలర్లు, ఆపై పనులకు రాతపూర్వక ఒప్పందం ఉండాలని, తేదీ రాసుకోకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో చెల్లించాలని అందులో ఉంది. 2024 ఆగస్టు నుంచి ఆ రాష్ట్రమంతటా ఇటువంటి చట్టం వర్తిస్తోంది. అక్కడా లెక్క పని పూర్తయిన నాటి నుంచే. మన 2006 చట్టం అంతకు పదేళ్ల ముందే ఈ మాట చెప్పింది, వాడుకునేవారు తక్కువ.

ఫిర్యాదు ఎక్కడ

గడువు దాటిన బకాయికి మొదట ఈమెయిల్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో నోటీసు పంపాలి. పని అందించిన తేదీ, 45 రోజులు ముగిసిన తేదీ, అసలు, వడ్డీ లెక్క అందులో ఉండాలి. 15, 16 సెక్షన్ల సంఖ్యలు రాస్తే అనేక బకాయిలు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోతే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఆ దరఖాస్తు రాష్ట్రంలోని సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. నింపడంలో సందేహాలుంటే జగదల్‌పూర్‌లోని జిల్లా వాణిజ్య, పరిశ్రమల కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

కొనుగోలుదారు దేశంలో ఎక్కడ ఉన్నా, పని చేసినవారు ఉన్న రాష్ట్రంలోని కౌన్సిల్‌కే విచారణాధికారం ఉంటుంది. అంటే హైదరాబాద్ ఏజెన్సీ ఛత్తీస్‌గఢ్ కౌన్సిల్ ముందు సమాధానం చెప్పాలి. మన అనువాదకురాలు హైదరాబాద్ కోర్టుల చుట్టూ తిరగనవసరం లేదు. కౌన్సిల్ మొదట ఇరుపక్షాలను రాజీకి పిలుస్తుంది, కుదరకపోతే తానే మధ్యవర్తిగా విచారణ జరుపుతుంది లేదా మరో సంస్థకు అప్పగిస్తుంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఎక్కువ కాలం పట్టడం సాధారణమే కాబట్టి, ఒక్క బకాయి మీదే ఇల్లు నడుపుకునేవారు నోటీసు దశలోనే అసలు మొత్తానికి రాజీపడే ఆలోచన చేయడంలో తప్పు లేదు.

కౌన్సిల్ తీర్పు వెలువడ్డాక ఏజెన్సీ దానిని కోర్టులో సవాలు చేయాలంటే 19వ సెక్షన్ ప్రకారం తీర్పు మొత్తంలో 75 శాతం ముందుగా జమచేయాలి. అలా జమ అయిన డబ్బులో తనకు సముచితమని తోచిన భాగాన్ని, కేసు నడుస్తుండగానే, పని చేసినవారికి చెల్లించాలని కోర్టు ఆదేశిస్తుంది.